స్వయంకేంద్రీకరణ కట్టడాలు

భూకంపానికి ఊగి, అది ఆగాక వాటంతటవే నిలువుకు వచ్చేలా రూపొందించిన భవనాలివి. మామూలు కాంక్రీటు ఫ్రేములో బీముల చివర్లలోని ఇనుము సాగి, భూకంప శక్తిని మింగేస్తుంది. భవనం కూలదు, మనుషులు బతుకుతారు. సాగిన ఇనుము వెనక్కి రాదు కనుక భవనం మాత్రం ఒరిగే ఉండిపోతుంది. మన ఐఎస్ 1893 ప్రమాణం (2016) ఈ నష్టానికి ముందే ఒప్పుకుంది. మేలురకం ఫ్రేములకు లెక్కలో వచ్చిన బలాన్ని 5తో భాగించి డిజైన్ చేయమంటుంది. ఒరుగు 0.5 శాతం దాటితే మరమ్మతు కంటే కొత్తగా కట్టుకోవడమే చవకని జపాన్ అనుభవం. మూడు మీటర్ల అంతస్తుకు అది 15 మిల్లీమీటర్లే. మేస్త్రీ తూకం గుండు వేలాడదీస్తే బయటపడిపోతుంది.

1960 చిలీ భూకంపంలో గట్టివనుకున్న కట్టడాలు దెబ్బతిన్నాయి, సన్నటి కాండం మీద నిలిచిన నీళ్ళ ట్యాంకులు కొన్ని మిగిలాయి. పునాది దగ్గర లేచి పడుతూ ఊగడమే వాటిని కాపాడిందని ఇంజనీరు జార్జ్ హౌస్నర్ 1963లో గణితంతో వివరించాడు. న్యూజిలాండ్‌లో 1981లో ప్రారంభమైన దక్షిణ రంగితికెయి రైలు వంతెన స్తంభాలను కావాలనే అలా కాళ్ళెత్తేలా కట్టారు.

భవనాలకు ఈ ఊహను తెచ్చింది ఇంజనీరు నైజెల్ ప్రీస్ట్లీ ముందుండి నడిపిన ‘ప్రెస్’ పరిశోధన. బీములో గొట్టం వేసి, కాంక్రీటుకు అంటకుండా ఉక్కు తీగలను బిగిస్తారు. కుదుపుకు బీము, స్తంభం మధ్య సందు తెరుచుకుంటుంది. ఆగగానే తీగలు దాన్ని మూసేస్తాయి. పక్కనున్న మెత్తటి ఇనుప కడ్డీలు సాగి శక్తిని తింటాయి. 1999లో శాన్ డియేగోలో అయిదంతస్తుల నమూనాను జాకీలతో తోసి పరీక్షించారు. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో 39 అంతస్తుల పారమౌంట్ భవనం ఇదే పద్ధతిలో లేచింది. అసలు పరీక్ష 2011 ఫిబ్రవరి 22న వచ్చిన భూకంపంతో న్యూజిలాండ్ నగరం క్రైస్ట్‌చర్చ్‌లో జరిగింది. నగర కేంద్రంలో ఎన్నో భవనాలను ఆ తర్వాత పడగొట్టాల్సి వచ్చింది. ఈ పద్ధతిలో కట్టిన సదరన్ క్రాస్ ఎండోస్కోపీ భవనం స్వల్ప నష్టంతో గట్టెక్కింది.

తెలుగునేల మీద ఒంగోలు (1967), భద్రాచలం (1969), ములుగు (2024 డిసెంబరు 4, తీవ్రత 5.3) భూకంపాలు చెప్పుకోదగ్గవి. ములుగు జిల్లాలోనే ఉన్న రామప్ప గుడి ఇసుక పునాదిని ఈ కోవలో చేర్చకూడదు. ఇసుక కుదుపును మెత్తబరచినా, జరిగిన కట్టడాన్ని వెనక్కి లాగదు.

నంద్యాల జిల్లా మిడుతూరు ఐఎస్ 1893 (2016) భూకంప జోన్ల పటంలో రెండో జోన్, అంటే తక్కువ ముప్పున్న నేల. అక్కడ రెండంతస్తుల ఇంటికి స్వయంకేంద్రీకరణకు ఖర్చు పెట్టడం దండగ. స్తంభం రింగులు దగ్గర దగ్గరగా కట్టి, వాటి కొక్కేలను 90 డిగ్రీలకు ఆపకుండా 135 డిగ్రీల దాకా వంచితే అంతకంటే ఎక్కువ మేలు.