పట్టా పలికిన మాట

2003 వేసవిలో మా పాత కారు ప్రతి ఉదయం తాళం తిప్పగానే కీచుమని అరిచేది. అరనిమిషంలో సద్దుమణిగేది. ఫ్యాను బెల్టుకు సబ్బుముక్క రుద్దితే చాలునని ఎవరో చెప్పగా అలాగే చేశాను. అరుపు మాయమైంది. నా పనితనానికి నేనే మురిసిపోతూ ఉండగా నాన్నగారు, "గుగ్గిలం పట్టా నోరు మూయిస్తుందిరా అబ్బాయ్, జబ్బు కుదర్చదు" అన్నారు.

ఆయన యౌవనమంతా ఒక బియ్యపు మిల్లులో గడిచింది. అక్కడ ఇంజను ఒక్కటే. దాని బలం పైన సాగిన పొడవాటి ఇరుసుకూ, అక్కడినుండి ఒక్కొక్క యంత్రానికీ బల్లపరుపు పట్టాల ద్వారా అందేది. పట్టా జారితే గుగ్గిలం చల్లేవారు. కాసేపు పట్టు దొరికేది గాని, అరిగిన పట్టా అరిగినట్టే ఉండేది.

కార్లలోనూ తొలిరోజుల్లో ఈ బల్లపరుపు పట్టాలే ఉండేవి. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ ఫ్యానును తిప్పినది అటువంటిదే. 1917లో అమెరికాలోని డెన్వర్‌లో జాన్ గేట్స్ రబ్బరుతో వీ ఆకారపు బెల్టును రూపొందించాడు. అందులోని కిటుకు చిన్నదే. బిగువు పెరిగినకొద్దీ బెల్టు, గొడ్డలి పిడిలో దిగగొట్టిన చీలవలె, పుల్లీ గాడిలోకి దిగి రెండు పక్కలనూ ఒరుసుకొని పట్టుకొంటుంది. ఆ పక్కలు అరిగితే గాడి అడుగున కూర్చుంటుంది. ఇక పట్టు ఉండదు, జారుడే. మనం వినే కీచుదనం అదే. స్టార్టు చేయడానికి ఖర్చైన విద్యుత్తును బ్యాటరీకి తిరిగి నింపే భారం మొదటి క్షణాల్లోనే ఎక్కువ గనుక, ఉదయం అరిచి తరువాత ఊరుకొంటుంది.

ఆ మే నెలలో విజయవాడనుండి హైదరాబాదు వస్తూ ఉండగా, సూర్యాపేట దాటాక బెల్టు తెగింది. ముందు ఎర్రదీపం వెలిగింది, నేను లక్ష్యపెట్టలేదు. నీటిపంపును తిప్పేదీ ఆ బెల్టే కదా! కొద్దిసేపటికే ఆవిరి కమ్మింది. రేడియేటరు మూత విప్పబోయిన నా చేతిని నాన్నగారు పట్టి ఆపారు. తరువాత ఆ ఎండలో తుమ్మచెట్టు నీడన మూడు గంటలు కూర్చున్నారు. ఒక్కమాట అనలేదు. అని ఉంటేనే బాగుండేది.

1979 ఫోర్డ్ ముస్టాంగ్‌తో, అన్ని పరికరాలనూ చుట్టివచ్చే ఒకే పొడవాటి చారల బెల్టు వచ్చింది. 1930లో కనుగొన్న నియోప్రీన్ రబ్బరుతో చేసినవి వయసు మీరితే పగుళ్ళు చూపేవి. ఇప్పటి ఈపీడీఎం రబ్బరు బెల్టులు అంతగా పగలవు. టైరులాగా లోలోపల అరుగుతాయి. కాబట్టి చారల లోతు కొలవాలి. చప్పుడు చేస్తే మెకానిక్కులు, తిరుగుతున్న బెల్టు చారలవైపు కాసిని నీళ్ళు చిలకరిస్తారు. చప్పుడు ఆగి మళ్ళీ వస్తే పుల్లీలు వరుస తప్పినట్టు. హెచ్చితే బిగువు చాలనట్టు. ఏది చేసినా చప్పుడు మాన్పడానికి కాదు, అర్థం చేసుకోవడానికి.

వందేళ్ళుగా మనిషి పట్టాను నిశ్శబ్దంగా నడిపించాలనే శ్రమించాడు, చాలావరకు సాధించాడు. కాని అరిచే పట్టా హెచ్చరిస్తుంది, అరవని పట్టాను మనమే అడిగి తెలుసుకోవాలి. నాన్నగారు ఇప్పుడు లేరు. ఏ ఉదయమైనా కారు కీచుమంటే నేను సబ్బుకోసం వెదకను, బానెట్ ఎత్తుతాను.