ఎస్‌ఎస్‌డీలో డేటా నిర్మూలన

సాలిడ్ స్టేట్ డ్రైవ్‌లో, అంటే ఎస్‌ఎస్‌డీలో ఉన్న సమాచారాన్ని ఇంకెవరూ వెలికితీయలేని విధంగా తొలగించడమే డేటా నిర్మూలన. ఫైల్ డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేసినంత మాత్రాన ఆ పని పూర్తికాదు. హార్డ్‌డిస్క్‌ల కాలంలో దీనికి తేలికైన ఉపాయం ఉండేది: పాత సమాచారం మీదే కొత్తది రాసేయడం. ఎన్నిసార్లు రాయాలన్నదే వాదన. అమెరికా రక్షణశాఖ పేరు మీద మూడుసార్ల పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. న్యూజీలాండ్ శాస్త్రవేత్త పీటర్ గుట్‌మన్ 1996లో 35 సార్ల పద్ధతి ప్రతిపాదించారు. అన్ని రకాల పాత డిస్క్‌లకూ సరిపోయేలా కూర్చిన ఆ 35నూ జనం మంత్రంలా జపిస్తున్నారని తర్వాత ఆయనే విసుక్కున్నారు.

ఎస్‌ఎస్‌డీ దగ్గర ఆ మంత్రం పారదు. తోషిబా ఇంజినీరు ఫ్యూజియో మసువోకా 1980లలో రూపొందించిన ఫ్లాష్ మెమొరీయే దీనికి ఆధారం. ఇందులో రాయడం చిన్న చిన్న పేజీల్లో జరుగుతుంది, చెరపడం మాత్రం ఎన్నో పేజీలున్న బ్లాక్‌ను మొత్తంగా చెరిపితేనే కుదురుతుంది. పైగా ఒక్కో బ్లాక్ ఇన్నిసార్లే చెరుపుడుకు ఓర్చుకుంటుంది. అందుకే ఫైల్‌ను మార్చినప్పుడల్లా డ్రైవ్‌లోని కంట్రోలర్ కొత్త ప్రతిని వేరేచోట రాసి, పాతదాన్ని పనికిరానిదిగా గుర్తుపెట్టుకుని వదిలేస్తుంది. దాన్ని ఎప్పుడు చెరపాలో నిర్ణయించేది కంట్రోలరే, వాడుకదారు కాదు. వాడుకదారుకు కనబడని అదనపు చోటు కూడా డ్రైవ్‌లో ఉంటుంది: 240 జీబీ అని అమ్మే డ్రైవ్‌లో చాలాసార్లు 256 జీబీ చిప్‌లుంటాయి.

ఈ సంగతిని లెక్కలతో రుజువు చేసింది శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం. మైకేల్ వెయ్, స్టీవెన్ స్వాన్సన్ తదితరులు కంట్రోలర్ మాట నమ్మకుండా నేరుగా చిప్‌లనే చదివి, 2011లో ఫలితాలు వెల్లడించారు. ఒక్క ఫైల్‌ను మాత్రమే చెరిపే సాఫ్ట్‌వేర్‌లు వాడితే ఎస్‌ఎస్‌డీల్లో ఆ ఫైల్‌లోని 4 నుంచి 75 శాతం దాకా మిగిలిపోయింది. డ్రైవ్ మొత్తాన్నీ రెండుసార్లు తిరగరాస్తే చాలావాటికి సరిపోయింది, కానీ ఒకదానిలో 20 సార్లు రాసినా సుమారు ఒక శాతం పాత డేటా అలాగే ఉంది. హార్డ్‌డిస్క్‌ను తుడిచిపెట్టే అయస్కాంత యంత్రం ఫ్లాష్‌ను ఏమీ చేయలేకపోయింది.

డ్రైవే తనను తాను చెరుపుకునేందుకు సెక్యూర్ ఎరేజ్ అనే ఆదేశం అప్పటికే ఉంది. దాని రూపకల్పనలో కృషి చేసిన గోర్డన్ హ్యూస్‌దీ అదే విశ్వవిద్యాలయం. అక్కడే జరిగిన పరీక్షలో ఆ ఆదేశానికి పడిన మార్కులు మాత్రం అంతంతే. పన్నెండు డ్రైవ్‌లలో ఎనిమిది అది తమకు తెలుసన్నాయి, నమ్మకంగా అమలు చేసినవి నాలుగే. ఒకటైతే పని పూర్తయిందని చెప్పింది, తీరా చూస్తే ఒక్క ఫైల్ కూడా పోలేదు!

ఇందుకు పూర్తిగా తిరగబడ్డ కథ కూడా ఉంది. ఆస్ట్రేలియాలోని మర్డాక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో గమనించిందేమంటే, త్వరిత ఫార్మాట్ చేసిన ఎస్‌ఎస్‌డీ కరెంటు అందితే చాలు, నిమిషాల్లో పాత సమాచారాన్ని తనంతట తానే ఊడ్చేయగలదు. అంటే నేరపరిశోధకులకు కావలసినది పోతుంది, వాడుకదారు వద్దనుకున్నది మిగులుతుంది. ఫ్లాష్ డ్రైవ్‌లలో హామీ ఇవ్వలేమని ఆపిల్ 2015లో తన మ్యాక్‌ల నుంచి, చెత్తబుట్టలోని ఫైల్‌లను తిరగరాసి చెరిపే సెక్యూర్ ఎంప్టీ ట్రాష్‌ను తీసేసింది. నిజాయితీగల నిర్ణయమే.

తర్వాత అందరి చూపూ ఎన్‌క్రిప్షన్ వైపు మళ్లింది. డేటా మొత్తం రహస్య సంకేతాల్లో ఉంటే, దాన్ని విప్పే కీని చెరిపితే చాలు. అయితే 2018లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్లో మైయర్, బెర్నార్డ్ వాన్ గాస్టెల్ కొన్ని క్రూషియల్, శాంసంగ్ డ్రైవ్‌ల అంతర్గత ఎన్‌క్రిప్షన్‌లో లోపాలు బయటపెట్టారు. శాంసంగ్ 840 ఈవోలో కొత్త పాస్‌వర్డ్ పెట్టాక కూడా రక్షణలేని పాత కీ ప్రతి ఫ్లాష్‌లో ఏదో మూల మిగిలివుండే అవకాశం ఉంది. ఫైల్‌లకు పట్టిన జబ్బే కీకీ పట్టిందన్నమాట. దాంతో మైక్రోసాఫ్ట్ 2019లో విండోస్‌లోని ఎన్‌క్రిప్షన్ సాధనమైన బిట్‌లాకర్ తీరు మార్చింది. కొత్తగా ఎన్‌క్రిప్ట్ చేసే డ్రైవ్‌లకు సాఫ్ట్‌వేర్ ఎన్‌క్రిప్షనే ముందువరసలోకి వచ్చింది.

ఈలోగా చెరిపే ఆదేశాలూ మెరుగయ్యాయి. ఎస్‌ఎస్‌డీల కోసం 2017లో వచ్చిన ఎన్‌వీఎంఈ 1.3 ప్రమాణంలో, డ్రైవ్ మొత్తాన్నీ చెరిపే శానిటైజ్ ఆదేశం చేరింది. మధ్యలో కరెంటు పోయినా, మళ్లీ వచ్చాక ఆ పనిని పూర్తిచేయాల్సిందే. చెడిపోయి ఏ ఆదేశమూ అందుకోని డ్రైవ్‌కు మాత్రం చిప్‌లను పొడి చేయడమే గతి. పెట్టెకు ఒక రంధ్రం పొడిస్తే చాలదు. డ్రైవ్ బాగున్నా పాడైనా అక్కరకొచ్చే జాగ్రత్త ఒకటుంది: కొత్త ఎస్‌ఎస్‌డీలో మొదటి ఫైల్ పెట్టకముందే సాఫ్ట్‌వేర్ ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసుకోవాలి.