హైదరాబాదు క్లోరోఫారం సంఘము అడుగని ప్రశ్న

తెలుగుదేశమున జరిగి లోకమంతట చర్చకు వచ్చిన వైద్యపరిశోధనలలో హైదరాబాదు క్లోరోఫారం సంఘములవి ముఖ్యములు. 1888లో మొదటి సంఘమును, 1889లో రెండవదానిని అచ్చటి వైద్యపాఠశాలాధ్యక్షుడగు ఎడ్వర్డ్ లారీ నడపెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ 1000 పౌనులు ఒసగగా, లండనులోని ‘లాన్సెట్’ పత్రిక పక్షమున లాడర్ బ్రంటన్ వచ్చి రెండవ సంఘమున పాల్గొనెను. క్లోరోఫారముచే మరణించువానికి ముందు ఆగునది శ్వాసమా, గుండెయా? ఇదియే వివాదము. కుక్కలు, కోతులు మొదలగువానిపై పరీక్షించి, శ్వాసమే ముందాగునని సంఘము తేల్చెను. నాడి జోలికి పోక ఊపిరినే కనిపెట్టవలెనని లారీ పట్టుపట్టెను. ఆ పట్టుదల ఎంత ప్రమాదకరమో 1911లో తేలినది. తేలిక మత్తులోనున్న పిల్లులకు అడ్రినలిన్ ఎక్కించినంతనే గుండె గతి తప్పి ఆగునని గూడ్‌మన్ లెవీ ఇంగ్లండున నిరూపించెను. దేహమున చేరిన మరియొక మందు క్లోరోఫారమును ప్రాణాంతకము గావించెనన్నమాట.

మత్తు దిగిన కొన్ని దినములకు కాలేయము చెడి మరణించువారి సంగతి హైదరాబాదు వివాదమున లేనేలేదు. 1894లో లెనార్డ్ గత్రీ అట్టి బాలుర మరణములను వర్ణించెను. అయినను, పీల్చిన మత్తుమందు పీల్చినట్లే వెలికి వచ్చునను నమ్మకము 1960 దాటువరకు పోలేదు. అమెరికాలో వాన్ డైక్, షెనోవెత్ అనువారు రేడియోధార్మిక పరమాణువుల గుర్తుతో వెదకి, కాలేయము ఈ మందులను విడగొట్టునని కనుగొనిరి. ఎలుకలకు ముందుగా ఫినోబార్బిటాల్ నిచ్చినచో ఆ పని హెచ్చునని 1966లో ప్రకటితమైనది. కారణము సులభము: పాతమందును వదిలించుకొనుటకు కాలేయము కూర్చుకొన్న ఎంజైములే కొత్తమందుపైని పనిచేయును. క్లోరోఫారము విరిగినప్పుడు ఫాస్‌జీన్ పుట్టునని 1977లో తెలిసినది. మొదటి ప్రపంచయుద్ధమున సైనికులపై వదలిన విషవాయువు అదియే. నిత్యము మద్యము సేవించువానియందును ఇట్టి ఎంజైమొకటి పెరుగును.

హాలోథేన్‌లో నూటికి 20 పాళ్లవరకు దేహమున మారును, ఐసోఫ్లురేన్‌లో 0.2 మాత్రమే, డెస్‌ఫ్లురేన్‌లో అందు పదియవవంతు. కావున కొత్తమందులతో ఈ భయము చాల తగ్గినది, పూర్తిగా పోలేదు. క్షయకై ఐసోనియాజిడ్ సేవించువారికి ఎన్‌ఫ్లురేన్ నిచ్చినప్పుడు, వారిలో కొందరి రక్తమున ఫ్లోరైడు మిక్కిలి హెచ్చినట్లు 1982లో వెల్లడియైనది.

పావగడ తాలూకానుండి తుమకూరునకో బెంగుళూరునకో శస్త్రచికిత్సకై పోవు రైతును మత్తుడాక్టరు ఇందులకే అడుగును: క్షయమందు వాడుచున్నారా? మూర్ఛకు మాత్రలు వేసికొనుచున్నారా? దినమును సారాయి పుచ్చుకొందురా? మూడవదానికి, భార్య ప్రక్కనుండగా, నిజము చెప్పువారు తక్కువ.