ఇంటి తెరపై కత్తెర: అమెరికా ఫ్యామిలీ మూవీ యాక్ట్‌లో ‘కాపీ’ అన్న మాట

అమ్మమ్మ నుంచి మనవరాలి దాకా అందరూ కూర్చుని సినిమా చూస్తుంటే ఇబ్బందికరమైన సన్నివేశం వస్తుంది. ఎవరో ఒకరు రిమోట్ అందుకుని ముందుకు జరిపేస్తారు. అందుకు ఎవరినీ ఏ నిర్మాతా కోర్టుకు లాగలేదు. ఆ పనే ఇంకొకరు డబ్బు తీసుకుని చేసిపెడితే? అమెరికాలో, ముఖ్యంగా యూటా రాష్ట్రంలో, ఈ ప్రశ్న ఏళ్ల తరబడి నలిగింది. దాని మీద నడిచిన వ్యాజ్యాలను వరసగా చదివితే, కుటుంబ విలువలు గొప్పవా, దర్శకుడి ఊహ గొప్పదా అన్నదాని మీద తీర్పులు నిలబడలేదని తెలుస్తుంది. కొత్త కాపీ పుట్టిందా లేదా అన్నదే తీర్పులకు ఇరుసు. డిస్కుల కాలంలో ఆ గీత సబబే. స్ట్రీమింగ్ వచ్చాక మాత్రం చట్టం ఒక చేత్తో ఇచ్చిన హక్కును అదే గీత మరో చేత్తో లాక్కుంటోందని నా వాదన.

మొదలు చాలా చిన్నది. 1998లో యూటాలోని అమెరికన్ ఫోర్క్ పట్టణంలో ఒక వీడియో దుకాణం, జనం కొనుక్కున్న ‘టైటానిక్’ క్యాసెట్లలో నగ్నత్వం ఉన్న చోటు 5 డాలర్లకు తీసేసి ఇచ్చేది. టేపు కొన్నవారిదే, దుకాణం వేసింది కత్తెర ఒక్కటే. తర్వాత వచ్చిన క్లీన్‌ఫ్లిక్స్ లాంటి సంస్థలు దాన్ని వ్యాపారంగా పెంచాయి. అసలు డీవీడీని కంప్యూటర్లోకి ఎక్కించి, కోతలు పెట్టి, కొత్త డిస్కుల మీద రాసి అమ్మేవి, అద్దెకిచ్చేవి. కత్తిరించిన ప్రతి డిస్కుకూ ఒక అసలు డిస్కు కొన్నాం కదా, నిర్మాతకు నష్టమెక్కడిదన్నది వాటి వాదన. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ 2006 జులైలో కొలరాడో ఫెడరల్ జడ్జి రిచర్డ్ మాచ్ దాన్ని ఒప్పుకోలేదు. అసలు డిస్కు కొన్నా, అమ్మింది మాత్రం అనుమతి లేని కాపీనే అన్నారు. అనుమతి లేకుండానే న్యాయమైన మేరకు వాడుకోవచ్చనే ‘ఫెయిర్ యూజ్’ వాదనా నిలవలేదు.

అప్పటికే 2005 ఏప్రిల్‌లో ఫ్యామిలీ మూవీ యాక్ట్ వచ్చింది. ఇంట్లోవాళ్లు కోరిన మీదట, సినిమాలో కొద్ది భాగాల బొమ్మనో మాటనో కనబడకుండా, వినబడకుండా చేయడం కాపీరైట్ ఉల్లంఘన కాదని అది చెప్పింది. అందుకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్ ఇవ్వడమూ తప్పు కాదంది. షరతులు రెండు: చూసేది అనుమతి ఉన్న కాపీ నుంచే కావాలి, మార్చిన సినిమా స్థిరమైన కాపీగా మిగలకూడదు. క్లియర్‌ప్లే సంస్థ పద్ధతి దీనికి అతికినట్టు సరిపోయింది. అది ఇచ్చేది సినిమా కాదు, సమయాల పట్టిక. ఉదాహరణకు గంటా పన్నెండు నిమిషాల ఏడో సెకను నుంచి నలభయ్యో సెకను దాకా దాటేయమని, ఫలానా క్షణంలో మాట వినిపించొద్దని ప్లేయర్‌కు చెబుతుంది. డిస్కు మీద గీత కూడా పడదు. రిమోట్ నొక్కే వేలి పనే అది ముందుగా రాసిపెడుతోంది. క్లీన్‌ఫ్లిక్స్‌తో పాటు మాచ్ ముందున్న వ్యాజ్యంలో క్లియర్‌ప్లే కూడా ఉండేది, కొత్త చట్టం అండతో అందులోంచి బయటపడింది.

విడ్‌యాంజెల్ దగ్గర కథ అడ్డం తిరిగింది. ఆ సంస్థ డిస్కును 20 డాలర్లకు అమ్మినట్టు రాసుకుని, ఫిల్టర్ పెట్టి ఇంటికి స్ట్రీమ్ చేసి, మర్నాడు 19 డాలర్లకు తిరిగి కొనేది. అంటే రోజుకు డాలరు అద్దె. 2016లో డిస్నీ, వార్నర్ తదితర స్టూడియోలు దావా వేశాయి. మరుసటి ఏడాది ఆగస్టులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు అసలు మెలికను పట్టుకుంది. ఇంటికి వెళ్తున్నది డిస్కు నుంచి కాదు, డిస్కుకు వేసిన డిజిటల్ తాళం పగలగొట్టి సర్వర్‌లోకి ఎక్కించిన కాపీ నుంచి. ఒకప్పుడు డబ్బిచ్చి కొన్న డిస్కు ఉంటే చాలనుకుంటే పైరసీకీ అదే సాకు దొరుకుతుందని కోర్టు భావించింది. 2019లో జ్యూరీ 819 చిత్రాలకు కలిపి 6 కోట్ల 24 లక్షల డాలర్ల పరిహారం విధించింది. 2020లో 99 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

చట్టం అక్షరాల ప్రకారం ఆ తీర్పును తప్పుపట్టలేను. లోపం చట్టంలోనే ఉంది. ఫిల్టర్ పెట్టుకోవచ్చంది గానీ తాళం తీసే అనుమతి ఇవ్వలేదు. డిస్కుకైతే ప్లేయర్ మనది, దాటేయమని దానికి మనమే చెప్పుకోవచ్చు. స్ట్రీమింగ్‌లో ప్లేయర్ కూడా అమ్మేవాడిదే. అతను ఒప్పుకున్నంత మేరే ఫిల్టర్ నడుస్తుంది. డాలస్‌లోని తెలుగు కుటుంబానికైనా, యూటాలోని ప్రోవో కుటుంబానికైనా హక్కు కాగితం మీద ఒకటే, చేతిలో డిస్కు లేకపోవడమూ ఒకటే.

ఇక మన దేశానికొస్తే, 1957 కాపీరైట్ చట్టంలో ఇంటి ఫిల్టర్ గురించి ప్రత్యేకమైన మాట లేదు. 52వ సెక్షన్‌లోని సొంత వినియోగపు మినహాయింపే ఆధారం. కానీ 2012 సవరణలో చేర్చిన 65ఎ సెక్షన్ అమెరికాకు భిన్నమైన దారి పట్టింది. తాళం పగలగొట్టడం దానికదే నేరం కాదు, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో పగలగొడితేనే నేరం. చట్టం నిషేధించని పని కోసం ఒకరు తాళం తీయడానికి ఇంకొకరు సాయపడవచ్చు కూడా. అయితే ఆ సాయం అందుకున్నవారి పేరు, చిరునామా, వివరాలన్నీ సాయం చేసినవారు రాసిపెట్టుకోవాలి. తమ ఇంటి కోసం ఫిల్టర్ అడిగే తల్లిదండ్రులు ఆ జాబితాలోకి వస్తారా అన్నది మన కోర్టులు ఈ సెక్షన్‌ను చదివే తీరును బట్టి ఉంటుంది.