కాలువ చేయని నేరము

కృష్ణా డెల్టాలో జ్వరములు వ్యాపించినప్పుడెల్ల మనము మొదట కాలువలనే నిందింతుము. ఈ నింద నిరాధారము కాదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఈ సీమలో వరిసాగు విస్తరించెను. మెదడువాపు జ్వరమును వ్యాపింపజేయు దోమ వరిమడి నీటిలో పుట్టును. బోదకాలు దోమ మురుగునీటిలో పెరుగును. కాని చికున్‌గున్యా చరిత్రను పరిశీలించినచో, ఆ విషయమున కాలువ నిరపరాధి యని తేలును.

ఈ జ్వరమును వైద్యులు మొట్టమొదట 1952లో తూర్పు ఆఫ్రికాలోని టాంగన్యీకాలో, అనగా నేటి టాంజానియాలో, గుర్తించిరి. కీళ్లనొప్పులచే రోగి వంగిపోవుటను బట్టి అచటి మకొండే భాషలో ఏర్పడిన పేరే లోకమంతట నిలిచినది. 1963లో అది కలకత్తాలో కనబడెను. 1964లో మద్రాసును పట్టెను. 1965లో విశాఖపట్టణము, కాకినాడ, రాజమహేంద్రవరములకు వచ్చెను. 1973లో మహారాష్ట్రలోని బార్సీ పట్టణమును పీడించిన పిమ్మట సుమారు మూడు దశాబ్దములు మరుగుపడెను. మనమును దానిని మరచితిమి.

2005 చివర ఆ జ్వరము ఆంధ్రప్రదేశమున తిరిగి తలయెత్తెను. 2006లో దేశమంతట సుమారు 13 లక్షల 90 వేలమందికి అది సోకినట్లు అనుమానింపబడెను. పూనాలోని జాతీయ వైరాలజీ సంస్థ పరిశోధింపగా, ఇది 1963 నాటి ఆసియా తెగ వైరసు కాదనియు, ఆఫ్రికా తెగకు చెందినదనియు తేలెను. అనగా పాత పగవాడు నిద్రలేచుట కాదు, క్రొత్తవాడు కడలి దాటి వచ్చుట.

ఈ జ్వరము ప్రాణము తీయుట అరుదు. కాని కీళ్లను పట్టి వారములు, కొందరిని నెలల తరబడి బాధించును. నాట్లు వేయవలసిన కూలీలు మంచము దిగలేరు. కొడవలి పట్టవలసిన వ్రేళ్లు ముడుచుకొనవు. దినకూలిపై బ్రతుకు ఇంటికి ఇది చిన్న నష్టము కాదు.

డెంగీ జ్వరమును ఇట్లే మొదలగును. రెంటిని మోయు దోమయు ఒకటే. కావున రక్తపరీక్ష అవసరము. మొదటి దినములలో రక్తమున వైరసునే వెదకుదురు. సుమారు ఐదవ దినము దాటిన పిమ్మట శరీరము పుట్టించిన ప్రతిరక్షకములను వెదకుదురు. డెంగీ కాదని తేలువరకు ఆస్పిరిన్ వంటి మాత్రలు వాడరాదు; అవి రక్తస్రావమును పెంచవచ్చును.

ఇక ఆ దోమ మాట. కాళ్లపై తెల్లని చారలు గల ఏడిస్ దోమ పగటివేళ కుట్టును. పారు కాలువ దానికి పనికిరాదు. మూతలేని తొట్టి, నీళ్ల డ్రమ్ము, కూలరు, పూలకుండీ పళ్లెము, పాత టైరు, కొబ్బరిచిప్ప — ఇవియే దాని పురిటిగదులు. గ్రుడ్డు దోమగా మారుటకు ఏడు మొదలు పది దినములు పట్టును. పాత్ర ఎండినను, గోడకంటిన గ్రుడ్లు నెలల తరబడి చావక నిలుచును. కావున నీరు పారబోసిన చాలదు. వారమున కొకసారి పాత్రను లోపల తోమి ఆరబెట్టవలెను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్ నగరును ముంచెను. అట్టి వరద తీసిన పిమ్మటనే పెరటిలో నిలిచిన నీటిని వెదకవలెను. ఏటి నీటిని అడ్డుకొనుట ప్రభుత్వము పని. తొట్టిపై మూత వేయుట మన పని. పొగయంత్రపు చప్పుడు వీధిలో వినబడినంత మాత్రమున మన బాధ్యత తీరదు.