బడి ఆవరణలో పండ్ల నర్సు

కర్ణాటకలోని బళ్ళారి వైపు నుంచి వచ్చి న్యూజిలాండ్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ళు పిల్లల్ని బడిలో చేర్పించగానే ఒక సంగతి గమనిస్తారు. పద్దెనిమిదేళ్ళు నిండేదాకా మామూలు పళ్ళ వైద్యానికి ఇక్కడ డబ్బు కట్టక్కర్లేదు. చిన్నపిల్లల్ని చూసేది కూడా చాలాసార్లు దంత వైద్యులు కారు, డెంటల్ థెరపిస్టులు. పుచ్చు తీసి సిమెంటు నింపేది, కదిలే పాలపన్ను పీకేది వాళ్ళే. ఈ మాట బళ్ళారి పక్కనున్న సంగనకల్లుకు ఫోన్ చేసి చెబితే అవతలివాళ్ళు మొదట అడిగేది ఒకటే: "డాక్టరు కానివాళ్ళ చేతికి పిల్లల నోరెట్లా ఇస్తారు?"

ఆ ప్రశ్న ఈ దేశం నూరేళ్ళ కిందటే వేసుకుంది.

మొదటి ప్రపంచయుద్ధంలో చేరడానికి వచ్చిన యువకుల పళ్ళు ఎంత పాడై ఉన్నాయంటే, 1915లో సైన్యానికి ప్రత్యేకంగా ఒక దంత వైద్య దళాన్నే పెట్టాల్సి వచ్చింది. దాన్ని నడిపిన థామస్ హంటర్ యుద్ధం తర్వాత ఆరోగ్యశాఖలో దంత విభాగానికి అధిపతి అయ్యారు. ఇరవయ్యేళ్ళవాడి నోట్లో కనిపించే నష్టం ఆరేళ్ళప్పుడే మొదలైందని ఆయనకు తెలుసు. బడి పిల్లలందరినీ చూడటానికి దేశంలో ఉన్న దంత వైద్యులు చాలరని కూడా తెలుసు. అందుకే యువతులకు రెండేళ్ళ శిక్షణ ఇచ్చి బడుల్లో నియమించాలన్నారు. దంత వైద్యుల సంఘంలో వాదోపవాదాలు జరిగాయి. ఈ నర్సులు ప్రభుత్వ కొలువులోనే ఉంటారు, పిల్లల్నే చూస్తారు, సొంతంగా క్లినిక్కులు పెట్టుకోరు అన్న హామీతో సంఘం ఒప్పుకుంది. 1921లో వెల్లింగ్టన్‌లో శిక్షణ మొదలైంది. 1923లో మొదటి జట్టు బయటికొచ్చింది.

బడి ఆవరణలోనే చిన్న క్లినిక్కు. ఊరి కమిటీలు చందాలు పోగుచేసి దానికి తమ వాటా ఇచ్చేవి. తెల్లటి యూనిఫాం, దానిమీద ఎర్ర స్వెటరు, కాలితో తొక్కితే తిరిగే డ్రిల్లు. బుద్ధిగా కూర్చున్న పిల్లలకు నర్సు దూదితో తుమ్మెద బొమ్మ చేసి ఇచ్చేది. ఇన్ని చేసినా ఆ గదికి పిల్లలు పెట్టుకున్న పేరు 'హత్యల ఇల్లు'! దేశంలో ఒక తరానికి ఇప్పటికీ ఆ డ్రిల్లు చప్పుడు గుర్తే.

ఆ భయానికి కారణం లేకపోలేదు. తొలి దశాబ్దాల్లో నింపాల్సిన అవసరం లేని పళ్ళు కూడా చాలానే నింపారు. నివారణ మీదికి దృష్టి మళ్ళింది 1970ల తర్వాతే. ఆడపిల్లల్నే ఎంచుకోవడంలో వాళ్ళు పిల్లలతో ఓపిగ్గా ఉంటారన్న మాట ఎంత ఉందో, తక్కువ జీతానికి పనిచేస్తారన్న లెక్క అంత ఉంది. ఆ లెక్కకు జవాబుగా 1974లో నర్సులు జీతాల కోసం పార్లమెంటు మీదికి ఊరేగింపుగా వెళ్ళారు. ఇవన్నీ చెప్పకుండా ఈ చరిత్రను పొగడటం సబబు కాదు. అయినా పనితీరు విషయంలో అనుమానం నిలవలేదు. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం జాన్ ఫుల్టన్ అనే అమెరికన్ నిపుణుడు ఈ ప్రయోగాన్ని పరిశీలించి ఒక పుస్తకమే రాశాడు. తర్వాత నర్సు థెరపిస్టు అయింది. ఇప్పుడా చదువు మూడేళ్ళ డిగ్రీ. 2003 చట్టంతో దంత వైద్యులను నమోదు చేసే కౌన్సిలే వీళ్ళనూ నమోదు చేస్తోంది.

అమెరికా దారి వేరు. న్యూజిలాండ్‌ను చూసి 1949లో మసాచుసెట్స్ ఒక చట్టం చేసింది. దంత వైద్యులు అడ్డం తిరగడంతో మరుసటి ఏడాదే రద్దు చేసుకుంది. యాభై ఏళ్ళు దాటాక అలాస్కా ఆదివాసుల ఆరోగ్య సంస్థలు మళ్ళీ ఈ గడప తొక్కాయి. చిన్న విమానమో పడవో తప్ప దారిలేని పల్లెలు వాళ్ళవి. దంత వైద్యుడు ఏడాదికోసారి వస్తే గొప్ప. 2003లో తమ యువతను డునెడిన్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయానికి పంపి థెరపీ నేర్పించుకున్నారు. వాళ్ళు తిరిగెళ్ళి పని మొదలుపెట్టాక అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2006లో కోర్టుకెక్కింది. 2007లో ఆ వ్యాజ్యం థెరపిస్టుల వైపే తేలింది.

దూరం నుంచే వైద్యం అందించే టెలిహెల్త్ అన్న మాటకు అసలు అర్థం దొరికేది ఆ అలాస్కా పల్లెల్లోనే. పల్లెలో థెరపిస్టు నోటి ఫొటోలు, ఎక్స్‌రేలు తీసి పంపుతుంది. వందల మైళ్ళ దూరంలో దంత వైద్యుడు చూసి ఏంచేయాలో చెబుతాడు. చేయగలిగింది ఆమె అక్కడే చేస్తుంది. చేయలేనిది ఉంటేనే రోగిని విమానం ఎక్కిస్తారు. కాలిఫోర్నియాలో పాల్ గ్లాస్‌మన్ బృందం పళ్ళు శుభ్రం చేసే హైజీనిస్టులను బడులకు, వృద్ధుల ఆశ్రమాలకు పంపి ఇదే పద్ధతి నడిపింది. 2014లో ఆ రాష్ట్రం దానికి చట్టబద్ధత కల్పించింది. కెమెరా పుచ్చిన పన్నును ఎంత దూరానికైనా చూపిస్తుంది, దాన్ని నింపలేదు. రోగి పక్కన నేర్చిన చెయ్యి ఒకటి ఉండాలి, ఆ చేతికి చట్టం అనుమతి ఉండాలి.

ఇప్పుడు సంగనకల్లు సంగతి. కొత్తరాతియుగంలో గొడ్డళ్ళు చెక్కిన ఆ గుట్టల ఊరు బళ్ళారికి కూతవేటు దూరమే. బళ్ళారిలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. ప్రభుత్వ, ప్రైవేటు కలిపి దేశంలో దంత వైద్య కళాశాలలు 300కు పైనే. కాబట్టి హంటర్ కాలపు న్యూజిలాండ్‌లో ఉన్న కొరత మనకు లేదు, మన డాక్టర్లు పట్నాల్లో పేరుకుపోవడమే మన ఇబ్బంది. 1948 నాటి దంత వైద్యుల చట్టం డాక్టర్లతోపాటు హైజీనిస్టులనూ, కట్టుడుపళ్ళు చేసే మెకానిక్కులనూ గుర్తించింది. పిల్లల పుచ్చు నింపే థెరపిస్టుకు అందులో చోటు ఇవ్వలేదు. డాక్టర్లకే పనిలేనప్పుడు థెరపిస్టులెందుకని సంఘాలు అడిగితే ఆ మాట కొట్టిపారేయలేం.

కానీ బడిలో జరిగేది చూడాలి. 2013లో మొదలైన పిల్లల ఆరోగ్య పరీక్షల కార్యక్రమం ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్) కింద వైద్య బృందం బడికొచ్చి పిల్లల్ని పరీక్షిస్తుంది. పుచ్చుపన్ను ఉంటే చీటీ రాసిస్తుంది. ఆ చీటీ పట్టుకుని బళ్ళారి వెళ్ళాలంటే తల్లికో తండ్రికో ఆ రోజు కూలి పోతుంది. నొప్పి లేనప్పుడు ఎవరు వెళ్తారు? 1953లో గీసిన రాష్ట్రాల గీతకు అవతల, ఆంధ్ర వైపున్న ఆలూరు, రాయదుర్గం పల్లెల్లోనూ కూలివాళ్ళకు ఇదే లెక్క. 2019లో ఆంధ్రప్రదేశ్ దేశంలోకెల్లా ముందు ఈ-సంజీవని టెలిమెడిసిన్ సేవను ఆరోగ్య కేంద్రాలకు తెచ్చింది. తెర మీద డాక్టరు ఉన్నాడు, ఇవతల పన్ను ముట్టుకునేవాళ్ళు లేరు.

డ్రిల్లు, కరెంటు లేకుండానే ముట్టుకునే సాధనాలు ఇప్పుడున్నాయి. పుచ్చును ఆపే సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్‌నూ, చేతి పనిముట్లతో నింపగలిగే గ్లాస్ అయానమర్ సిమెంటునూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మొదటిది పూసినచోట పన్ను నల్లబడుతుంది, తల్లిదండ్రులకు ముందే చెప్పాలి. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్న పల్లెల్లో పూతలు, పేస్టుల సంగతి డాక్టరే తేల్చాలి. 1954లో న్యూజిలాండ్‌లోని హేస్టింగ్స్ పట్నం నీళ్ళలో కావాలని ఫ్లోరైడ్ కలిపింది. తెలంగాణలోని నల్లగొండ మాత్రం నీళ్ళలో మితిమీరిన ఫ్లోరైడ్‌ను వదిలించుకోలేక అల్లాడింది.

బళ్ళారి కళాశాల హౌస్ సర్జన్లను, హైజీనిస్టులను ఆర్‌బీఎస్‌కే వైద్య బృందంతోపాటే బడికి పంపవచ్చు. అనుమానం వస్తే ఫొటో కళాశాలలోని ప్రొఫెసరుకు వెళ్తుంది, చీటీ రాసే బదులు పని బడి వరండాలోనే పూర్తవుతుంది. దీనికి కొత్త భవనం అక్కర్లేదు. కావాల్సింది ఆరోగ్యశాఖ, విద్యాశాఖ కలిసి ఇచ్చే ఒక ఉత్తర్వు, వాహనానికి డీజిల్, సిమెంటుకు బడ్జెట్.