నానో రంధ్రాలలో డీఎన్ఏ వేగ నియంత్రణ

నానో రంధ్రం గుండా దూసుకుపోయే డీఎన్ఏ పోగును నెమ్మదింపజేయడం జన్యుక్రమాన్ని నేరుగా చదివే విధానానికి ఆయువుపట్టు. ఉప్పు ద్రావణం నింపిన రెండు అరల మధ్య పలుచని పొర, ఆ పొరలో ఒకటి రెండు నానోమీటర్ల వెడల్పున్న రంధ్రం ఉంటాయి. వోల్టేజి ఇస్తే అయాన్లు రంధ్రం దాటుతూ కరెంటు ప్రవహిస్తుంది. ఋణావేశమున్న డీఎన్ఏ కూడా ధన ఎలక్ట్రోడు వైపు అందులోకి దూరి, దారిని కొంత మూసేస్తుంది. డీఎన్ఏలోని ఎ, సి, జి, టి అక్షరాలలో ఏది అడ్డుపడితే కరెంటు ఎంత తగ్గుతుందో చూసి క్రమం రాబట్టవచ్చు.

ఈ ఆలోచనను అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ డీమర్ 1989లో తన నోటుపుస్తకంలో బొమ్మ గీసి రాసుకున్నారు. జార్జ్ చర్చ్ కూడా విడిగా ఇలాంటి ఆలోచనే చేశారు. 1996లో జాన్ కాసియానోవిచ్, డేనియల్ బ్రాంటన్, డీమర్ తదితరులు స్టాఫిలోకోకస్ ఆరియస్ బాక్టీరియా విడుదల చేసే ఆల్ఫా హీమోలైసిన్ అనే ప్రోటీను రంధ్రం గుండా ఒంటిపోగు ఆర్ఎన్ఏ, డీఎన్ఏలు దాటడాన్ని నమోదు చేశారు. పోగు దాటుతోందని రుజువైంది గాని అక్షరాలు మాత్రం చిక్కలేదు. ఒక్కో అక్షరం కొద్ది మైక్రోసెకన్లలోనే దాటిపోతోంది.

పరికరాలను ఇంకా వేగంగా పనిచేయిస్తే సరిపోదా అన్న ప్రశ్న సహజం. సరిపోదు. 100 పికోఆంపియర్ల కరెంటు అంటే మైక్రోసెకనుకు దాదాపు 600 అయాన్లు. ఒక అక్షరానికీ మరో అక్షరానికీ తేడా 5 శాతం అనుకుంటే అది 30 అయాన్లు. 600 అయాన్ల లెక్కలో యాదృచ్ఛికంగా వచ్చే హెచ్చుతగ్గులే 25 దాకా ఉంటాయి. కాబట్టి ఎంత గొప్ప యాంప్లిఫయరు పెట్టినా సంకేతం రొదలో కలిసిపోతుంది. పోగును రంధ్రంలో ఎక్కువసేపు ఉంచడం ఒక్కటే మార్గం.

మొదట చుట్టూ ఉన్న ద్రావణాన్ని మార్చి చూశారు. చల్లబరిస్తే వేగం తగ్గింది. సిలికాన్ నైట్రైడ్ వంటి ఘన పొరల్లో తొలిచిన రంధ్రాల మీద ఆర్కాన్సా విశ్వవిద్యాలయ బృందం 2005లో ఉష్ణోగ్రత, ఉప్పు గాఢత, వోల్టేజి మార్చి, గ్లిజరాల్ కలిపి దాదాపు పది రెట్ల తగ్గుదల సాధించింది. అయితే ద్రావణం చిక్కబడితే అయాన్ల నడకా మందగించి, చదవాల్సిన కరెంటే పడిపోతుంది. 2012లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో సీస్ డెక్కర్ బృందం, అలెక్సీ అక్సిమెంటియేవ్ కలిసి, పొటాషియం క్లోరైడ్ బదులు లిథియం క్లోరైడ్ వాడితే వేగం సుమారు పదోవంతుకు దిగుతుందని చూపారు. లిథియం అయాన్లు డీఎన్ఏను గట్టిగా అంటుకుని దాని ఆవేశాన్ని కొంత కప్పేయడమే కారణం. ఇవి విలువైన ప్రయోగాలే. కానీ వీటన్నిటికీ ఒక్కటే లోటు: సగటు వేగం తగ్గుతుంది గాని పోగు ముందుకూ వెనక్కూ ఊగడం ఆగదు. కావలసింది లెక్క ప్రకారం పడే అడుగు.

ఆ అడుగు జీవకణంలోనే దొరికింది. కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్‌లో మార్క్ అకెసన్ బృందం డీఎన్ఏకు నకలు తీసే పాలిమరేజ్ ఎంజైములను రంధ్రం మూతి మీద నిలిపి చూసింది. ఎంజైము రంధ్రంలోకి దూరలేదు. డీఎన్ఏ మాత్రం దాని పట్టులోంచి ఒక్కో అక్షరం చొప్పునే కదలాలి. మొదట వాడినవి విద్యుత్ లాగుడుకు ఇట్టే ఊడిపోయేవి. ఫై29 అనే వైరసు పాలిమరేజ్ నిలబడింది. 2012లో వారు చూపిన పద్ధతి చాలా అందమైనది. ముందు వోల్టేజి పోగును లాగుతూ ఎంజైము దగ్గర జంటపోగును విప్పుతుంది. తర్వాత ఎంజైము కొత్త అక్షరాలు చేర్చుతూ అదే పోగును వెనక్కి లాక్కుంటుంది. అలా ఒకే అణువును రెండుసార్లు చదవవచ్చు. అదే ఏడాది వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జెన్స్ గుండ్లాక్ బృందం ఇదే ఎంజైమును ఎంఎస్‌పీఏ అనే మరింత ఇరుకైన, పొట్టి గొంతున్న రంధ్రంతో జతచేసి, కరెంటులో మెట్లుమెట్లుగా మారే స్థాయిలను స్పష్టంగా చూపింది. అక్కడా ఒక్కో మెట్టు మీద నాలుగైదు అక్షరాల ప్రభావం ఉంటుంది.

2005లో హేగన్ బేలీ స్థాపించిన ఆక్స్‌ఫర్డ్ నానోపోర్ సంస్థ 2014లో అరచేతిలో ఇమిడే మినయాన్ పరికరాన్ని పరిశోధకులకు ఇచ్చింది. అందులో పోగును నడిపేది కణాల్లోని ఏటీపీ అనే ఇంధనంతో పనిచేస్తూ జంటపోగును విప్పే హెలికేజ్ తరహా ఎంజైము. తొలినాళ్ళలో సెకనుకు వంద అక్షరాల లోపే ఉన్న వేగం 2016 తర్వాత 450కి చేరింది. ఇన్నేళ్ళు తగ్గించడానికి పాటుపడ్డ వేగాన్ని మళ్ళీ పెంచగలిగారంటే కారణం అడుగు అదుపులోకి రావడమే. ఈ వేగంలో ఒక్కో అక్షరానికి రెండు మిల్లీసెకన్లకు పైగా సమయం దొరుకుతుంది. పై లెక్కన అది 13 లక్షలకు పైగా అయాన్లు.

చిక్కంతా తీరలేదు. ఎంజైము అడుగుల మధ్య విరామం ఒకేలా ఉండదు. ఒకే అక్షరం వరుసగా ఎనిమిది, పదిసార్లు వస్తే కరెంటు మారదు కాబట్టి ఎన్ని అడుగులు పడ్డాయో చెప్పడం కష్టం. ఎక్కువ అక్షరాలను ఒకేసారి తడిమే పొడవైన గొంతు రంధ్రాలతో ఈ లోపం కొంత తగ్గింది. 2025లో రోష్ సంస్థ ప్రకటించిన విధానం వేరే దారి పట్టింది. డీఎన్ఏను నేరుగా చదవకుండా దాని సమాచారాన్ని దాదాపు యాభై రెట్లు పొడవైన కృత్రిమ అణువులోకి మారుస్తారు. అందులో ప్రతి అక్షరం గుర్తు దగ్గరా ఒక అడ్డు ఉంటుంది. వోల్టేజి పల్సు ఇచ్చినప్పుడే అణువు ఆ అడ్డు దాటి తర్వాతి గుర్తుకు జరుగుతుంది.